గద్వాలలో మరిగిన మూడు కార్లు

ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు నాగప్పను దవాఖానకు మంచం మీద మోసుకొచ్చారు.

ముఖమంతా పొక్కిపోయింది. కళ్ళు మూసుకుపోయాయి. ఊపిరి మాత్రం ఆడుతున్నది.

"ఏమైంది?" నర్సు ఎస్తేరమ్మ అడిగింది.

"పందెం నడుమ కారు ఆగిపోయిందమ్మా. రేడియేటర్ మూత తీసిండు. మరిగిన నీళ్ళు ఎగజిమ్మి మొఖం మీద పడ్డయి," అన్నాడు మోసుకొచ్చినవాడు.

అది 1938, దసరా. గద్వాల కోట చుట్టూ మోటారు పందెం. మొత్తం పన్నెండు చుట్లు. నాలుగో చుట్టులోనే భుజంగరావు దొర నల్ల కార్లు మూడూ ఆవిరి కక్కుతూ నిలిచిపోయాయి. అందులో ముందున్న కారుకు డ్రైవరు నాగప్ప.

భుజంగరావు నాగర్‌కర్నూలు దిక్కున ఒక చిన్న జాగీరుకు అధిపతి. ఆయన కార్లు వనపర్తిలో గెలిచాయి. నాగర్‌కర్నూలులో గెలిచాయి. రాయచూరులో తమకు ఎదురే లేదనిపించుకున్నాయి. గద్వాలలో మాత్రం నిరుడూ ఇట్లాగే మూడూ ఆగిపోయాయి. అప్పుడు హైదరాబాదు నుంచి ఇంజనీరును పిలిపించారు. ప్లగ్గులు, మాగ్నెటో, పెట్రోలు అన్నీ పరీక్షించిన ఆయనకు ఒక్క లోపమూ దొరకలేదు.

ఎస్తేరమ్మకు యాభై ఆరేళ్ళు. కాన్వెంటులో చదివి, నర్సు శిక్షణ పొంది, ముప్పై ఏళ్ళుగా ఈ మిషన్ డిస్పెన్సరీలో పనిచేస్తున్నది. చూసినది రాయడం, రాసినది మార్చకపోవడం ఆమె నియమం. ఆ నియమం వల్ల ఆమెకు మిత్రులు తక్కువ.

కత్తెరతో నాగప్ప చొక్కా కత్తిరించింది. వీపు మీది బట్ట చెమటతో మెత్తగా ఉంది. కాలరు మాత్రం ఎండి అట్టలా బిగుసుకుంది. కత్తెర దానిమీద కరకరలాడింది.

ఉత్త నీళ్ళు ఎండితే బట్ట ఇట్లా బిగుసుకుంటుందా?

మూత అంచు తగిలి మెడ మీద చిన్న గాయమైంది. దానికి అయోడిన్ అద్దుతుండగా ఒక చుక్క జారి కాలరు మీద పడింది. గోధుమరంగులో ఉండవలసిన మరక క్షణంలో నల్లని నీలమైంది.

ఎస్తేరమ్మ చేయి ఆగింది. ఆ కాలరును కాగితంలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది.

తొమ్మిదిన్నరకు దొర వచ్చాడు. వెంట అమీన్ సాబ్. గద్వాలకు బదిలీ అయి వచ్చి మూడు నెలలే అయిన పోలీసు అధికారి.

"ఎవడో కుట్ర చేసిండు, అమీన్ సాబ్. పొద్దుగూకేలోపల వాడు లాకప్పుల ఉండాలె!" అన్నాడు దొర. మంచం వైపు ఆయన చూడలేదు.

"కార్లల్ల నీళ్ళు ఎవరు పోసిన్రు, దొరా?" ఎస్తేరమ్మ అడిగింది.

"మా మెకానిక్కు. ఇక్కడి ఉప్పునీళ్ళు మా ఇంజన్లకు పడవు. సాలెవాడ బావి నుంచి మంచినీళ్ళు తెప్పిచ్చి, బట్టతోని వడగట్టి పోస్తం. నా రూలు అది."

"తక్కినోళ్ళు?"

"రోడ్డు పక్క బావిల తోడి పోసుకున్నరు. వాళ్ళకేం తెలుసు!"

"ఉప్పునీళ్ళు పోసినోళ్ళ కార్లు ఆగలే. మంచినీళ్ళు పోసిన మీవే ఆగినయి."

దొర కనుబొమలు ముడివడ్డాయి.

"నీళ్ళు తెచ్చిందెవరు?" ఎస్తేరమ్మ మళ్ళీ అడిగింది.

"ఎవరో ముసల్ది. నిరుడు గూడ ఆమెనే తెచ్చింది."

"పేరు?"

"నీళ్ళు మోసేటోళ్ళ పేర్లు నాకెందుకమ్మా?"

పదకొండు గంటలకు ఎస్తేరమ్మ నేతగాళ్ళుండే సాలెవాడకు నడిచింది. వీధి పొడవునా పడుగు సాచి ఉంది. మగ్గం ఎక్కేముందు నూలు తెగకుండా పడుగుకు గంజి పట్టిస్తారు. నీళ్ళు మోసే ముసలి ఈరమ్మ ఒక్కతే అటునుంచి ఇటు నడుస్తూ కుంచెతో గంజి రాస్తున్నది. పక్కన ముంతలో పలుచని గంజి.

"నీళ్ళల్ల గంజి కలిపినవా, ఈరమ్మా?"

కుంచె ఆగలేదు.

"నిరుడు కలిపిన. ఈ యేడు కలిపిన. బతికుంటె వచ్చే యేడు గూడ కలుపుత."

"వాళ్ళు వడగడ్తరు గద?"

"గంజిని నాలుగు మడతల బట్టల వడగట్టుడు మా పనే నర్సమ్మా. నేను వడగట్టినంక వాళ్ళ బట్టల ఏం మిగుల్తది? జర తెల్లగున్నయి ఏందని అడిగిండు మెకానిక్కు. వానలకు ఊరిన కొత్తనీళ్ళయ్యా అన్న. మొఖం గూడ చూడలే."

"ఇంజను వేడికి పొంగుతదని నీకెట్ల తెలుసు?"

"మూతపెట్టి గంజి కాస్తె పొంగదా? గది ఇంజనీరుకు తెల్వదు గాని, పొయ్యి ముందు కూసున్న ఏ ఆడిదాన్నడిగినా చెప్తది."

ఎందుకు చేశావని ఎస్తేరమ్మ అడగలేదు. ఈరమ్మ కొడుకు చెన్నయ్య చనిపోయినప్పుడు అతని కళ్ళు మూసింది తన చేతులే.

1936 దసరాకు ముందురోజు, ఉదయం ఆరుగంటల పది నిమిషాలు. చెన్నయ్య ఇదే వీధిలో పడుగుకు గంజి పట్టిస్తున్నాడు. పందెం దారి చూడటానికి బయలుదేరిన నల్లకారు ఒకటి అడ్డదారిన వచ్చి, పడుగును చీల్చుకుంటూ, అతన్ని తొక్కుకుంటూ పోయింది. మోటారు తగిలిన గాయాలని ఎస్తేరమ్మ రాసింది. ఆ ఉదయం కార్లు బయటికే రాలేదని దొర మనుషులు ప్రమాణం చేశారు. ఎద్దు పొడిచిందని అప్పటి అమీను కేసు మూసేశాడు.

"నాగప్ప కండ్లు పోవచ్చు, ఈరమ్మా."

"పోనీ. నా కొడుకును తొక్కిచ్చినప్పుడు వానికి కండ్లున్నయి గద!"

"ఆ దినం నడిపింది నాగప్పేనా? నువ్వు చూసినవా?"

ఈరమ్మ కుంచె అప్పుడాగింది.

"నల్లకారును చూసిన. దుమ్మును చూసిన. కార్లు నడిపేది డ్రైవర్లే గద?"

"నువ్వు చూడలే."

ఆ ముసలి ముఖంలో రెండేళ్ళుగా గట్టిపడిన పగ మొదటిసారి దారి తప్పినట్లు కనిపించింది.

"నాలుగు గంటలకు దవాఖానకు రా," అంది ఎస్తేరమ్మ. "తప్పిచ్చుకోవద్దు."

"నేనేం దొంగనా, తప్పిచ్చుకోనీకి?"

సాయంత్రం నాలుగు. నాగప్ప కళ్ళకు కట్లు. మంచానికి ఒకవైపు దొర, అమీను. రెండోవైపు ఈరమ్మ.

మెకానిక్కు రేడియేటర్ లోపలి నుంచి గీకి పంపిన తెల్ల పెచ్చును ఎస్తేరమ్మ బల్లమీద పెట్టింది. పక్కన కాలరు.

"ఈ తెల్ల పెచ్చును చూసి నీళ్ళల్ల ఉప్పు అనుకోవచ్చు ఎవరైనా. చూడుండ్రి."

అయోడిన్ చుక్క వేసింది. పెచ్చు నల్లని నీలమైంది.

"ఉప్పుకు ఈ రంగు రాదు. ఇది గంజి. సన్నటి గొట్టాలల్ల కట్టుకపోయింది. మీద నురగై పొంగింది. నీళ్ళన్నీ ఆవిరై పోయినయి. వేరే ఊళ్ళల్ల మీ కార్లకు ఏం కాలేదు, ఎందుకంటే అక్కడ ఈరమ్మ లేదు."

"నేనే కలిపిన," అంది ఈరమ్మ.

"ఇంకేంది చూస్తున్నరు? పట్టుకోండ్రి!" దొర అరిచాడు.

అమీను కలం తీశాడు. "పట్టుకుంట దొరా. షికాయత్ కాయితంల కారణం రాయాలె. ఎందుకు చేసినవమ్మా?"

"నా కొడుకును కారుతోని చంపిన్రు."

"అబద్ధం!" దొర గొంతు పెరిగింది. "ఆ పొద్దు నా కార్లు కదలనే లేదు. కేసు ఎప్పుడో బంద్ అయింది."

మంచం మీద నుంచి గొంతు వినిపించింది.

"నర్సమ్మా, చెన్నయ్య తల్లి ఈమెనేనా?"

"ఈమెనే."

నాగప్ప కట్ల కింది నుంచే దొర గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు.

"స్టీరింగ్ మీ చేతిల ఉండె దొరా. నేను పక్కన కూసుంటి. మనిషున్నడు, ఆపుండ్రి అన్న. దారం పోగులకు బండి ఆపుతార్ర అన్నరు."

"పిచ్చి లేసిందా నీకు? నా ఉప్పు తిని..."

"రెండేండ్లు ఎందుకు నోరు మూసుకున్నవు?" ఎస్తేరమ్మ గొంతులో కనికరం లేదు.

"కొలువు, నర్సమ్మా."

ఈరమ్మ మంచం దగ్గరికి వచ్చింది. పొక్కిన ఆ ముఖాన్ని నిలబడి చూసింది. కన్నీళ్ళు రాలేదు. రెండు చేతులూ అమీను ముందుకు చాచింది.

"ఈయనకు చేసింది తప్పే. నా పేరు రాయి అయ్యా, శిక్ష పడనీ. కాని మొదాలు ఆ దొరది రాయి."

"ఇద్దరివీ రాయండ్రి," అంది ఎస్తేరమ్మ. "ఒక్క అక్షరం తగ్గినా మీ పై అధికారి మొహతమీం సాబుకు నేనే అర్జీ పెడ్త."

దొర తలుపు వైపు నడిచాడు. గుమ్మంలో కాపలా ఉన్న పోలీసు జవాను అడ్డు తొలగలేదు.

"నేనెవరో మరిచినవా, అమీన్ సాబ్? జాగీర్దారును!"

"మీ జాగీరు మీ ఊళ్ళె, దొరా. ఇది గద్వాల." అమీను కొత్త కాగితం తీసి, కలాన్ని సిరాలో ముంచాడు. "మీ పేరు రాసిన. మీ తండ్రి పేరు చెప్పుండ్రి."