కిందేరు అన్న మాట

మూడో గూడెంలో ‘నురగబాట’ అన్న మాటకు తొంభై రెండు శాతం ఒప్పుదల వచ్చింది. భ్రమరాంబ ముద్ర వేసి తరువాతి వరుస తెరిచింది. మధ్యాహ్నం రెండున్నర. ఐదింటికల్లా ఇంకో పదకొండు మాటలు పూర్తి కావాలి. చేపల వేట నిషేధం ఎల్లుండితో ముగుస్తుంది. రేపు సాయంత్రానికి ఈ మాటలన్నీ తీరంలోని నాలుగు వేల పడవల దారిచూపు యంత్రాల్లోకి ఎక్కుతాయి. ఎక్కాక ఏడాది దాకా మార్పు ఉండదు.

తెర మీది సముద్రం నిజం కాదు. అందులో ఏడు గూడేలు, రెండు వేల మంది పలుకరులు. ఆ కృత్రిమ జీవాలు తమ పడవల్లో తిరుగుతాయి. రెండు ఎదురైనప్పుడు ఒకటి నీటినో గాలినో చూపించి పేరు చెబుతుంది. రెండోది ఒప్పుకుంటే ఆ పేరు ఇంకో పడవకు పాకుతుంది.

తరువాతి వరుసలో ‘కిందేరు’ ఉంది. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర, పైకి నిశ్చలంగా కనిపించే ఒక నీటిని ఆరో గూడెంలో నలభై మంది మాత్రమే అంటున్న మాట. మిగతా అందరూ ఆ నీటిని ‘నిమ్మళం’ అంటున్నారు. పక్కన యంత్రం సూచన: వెలిమాట, తుడిచివేయవచ్చు.

ఇలాంటివి ఆమె వందల కొద్దీ తుడిచింది. ఈసారి మాత్రం మునకల పట్టిక చూసింది. తెర మీది ఏటిమొగ దగ్గర ఆర్నెల్లలో అరవై మూడు పడవలు మునిగాయి. ఆ నలభై మందిలో ఒక్కరిదీ లేదు.

ఆమె పైఅధికారి విశ్వనాథం గదికి వెళ్ళి చూపించింది.

“ఆపదలో పడవకు పడవ చెప్పుకునేటప్పుడు రెండు మాటలుంటే గందరగోళం అమ్మా,” అన్నాడాయన. “ఒక అర్థానికి ఒక మాట. అదే మన పని.”

“ఇక్కడ అర్థాలే రెండు సార్, నిమ్మళంగా ఉండే నీళ్ళు, ముంచే నీళ్ళు. మాట ఒకటైపోయింది.”

“అలాంటి నీళ్ళు నిజంగా ఉన్నాయో లేవో. మన లెక్కలో తప్పేమో.”

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి మైలపల్లి ఎర్రయ్యకు ఫోన్ చేసింది. ఏటిమొగ పడవలవాళ్ళకు ఆయన పెద్ద. పైకి కదలకుండా ఉండి పడవలను ముంచే నీళ్ళుంటాయా అని ఆమె అడిగింది.

“ఉంటాయమ్మా. పైన నూనె పోసినట్టుంటాది, కింద లాగేత్తాది. మా అయ్య దానికో పేరు సెప్పేవోడు, నాకు గురుతు నేదు. నిరుడు దారిచూపు నిమ్మళమంటే నమ్మి ఎల్లాం. మా తమ్ముడు తిరిగి రానేదు.”

మాటలకు ముద్ర వేసే వారంలో గూడేలను కలపకూడదన్నది నియమం. అయినా భ్రమరాంబ ఆ నలభై మందిలో ముప్పై మందిని ఎంచి, గూడేనికి ఐదుగురి చొప్పున మిగతా ఆరింటికీ పంపింది. కారణం రాసి కింద తన పేరు పెట్టింది.

మొదటి గంట దిగులుగా గడిచింది. ఒకటో గూడెంలో ఐదుగురూ చుట్టూ ఉన్నవాళ్ళ మాటకే లొంగి ‘నిమ్మళం’ అనడం మొదలుపెట్టారు. నాలుగులోనూ అంతే. రెండో గూడెంలో మాత్రం ఏటిమొగకు వెళ్తున్న పడవకు ఒక కొత్త పలుకరి అడ్డొచ్చి, కిందేరు అంది. ఆ పడవకు అక్కడి ప్రమాదం తెలియదు, ఆ మాటా ఎప్పుడూ వినలేదు. అయినా ఆగింది. దాన్ని దాటి వెళ్ళిన పడవ దాని కళ్ళెదుటే మునిగింది.

ఆగిన పడవ వెనక్కి తిరిగి, ఎదురొచ్చిన ప్రతి పడవకూ ఆ మాట చెప్పడం మొదలుపెట్టింది.

నాలుగు ముప్పావుకు ‘నిమ్మళం’ ఒప్పుదల తొంభై ఎనిమిది నుంచి అరవైకి పడింది. హెచ్చరిక మోగితే విశ్వనాథం వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఆమె రాసిన కారణం చదివాడు. ఎర్రయ్య తమ్ముడి సంగతి కూడా అందులో ఉంది.

“రేపటికి తేలుతుందా?”

“తేలకపోతే రెండు మాటలూ ఎక్కిద్దాం సార్. ఒప్పుదల లేకుండానే.”

ఇప్పటిదాకా అలా ఎక్కిన మాట లేదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ముద్ర వాయిదా అని కొట్టి, భ్రమరాంబ పేరు కింద తన పేరు చేర్చాడు. తెర మీద ఏడో గూడెం పడవలు ఒక్కొక్కటే ఏటిమొగ వదిలి వేరే దారి పడుతున్నాయి. ఇద్దరూ వాటిని చూస్తూ కూర్చున్నారు.