స్విచ్చు పైకే ఉంది

ప్రొద్దుటూరులో ఆరోజు బంద్. ఎండకూ బాంబులకూ భయపడి వీధి వీధంతా తలుపులేసుకుంది. మా హాల్లో మిట్టమధ్యాహ్నమే చీకటి. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన.

నేను కమాల్ బాషా కంప్యూటర్ ముందర కూర్చున్నా. టీవీలు రిపేరు చేసే కమాల్ అంటే మా అన్న చెన్నయ్యకు ప్రాణం. మద్రాసు పాతసామాన్లలో కొన్న ఆ కంప్యూటర్‌కు తనే ఒక స్విచ్చు చేసినాడు. అగరొత్తుల డబ్బాలో బిగించిన మామూలు కరెంటు స్విచ్చు. పైకి కొడితే పచ్చక్షరాల మానిటర్, కిందికి కొడితే పక్కనున్న టీవీ. రెండూ ఒకేసారి వెలగవు.

పోయిన వారం జమ్మలమడుగు దారిలో, అన్నకోసం వేసిన బాంబుకు కమాల్ పోయినాడు. పార్టీ నాయకులు దండలేసి, ఫొటోలు దిగి, కార్లెక్కినారు. అన్న దాక్కున్నాడు. యాడో మా ఇంట్లో అమ్మకూ నాకూ మాత్రమే తెలుసు.

"సచ్చినోడి మిషన్ ముట్టుకోవద్దంటే ఇనవేమే?" అంది అమ్మ.

"ఉపన్యాస పోటీలో మాట్లాడేది టైపు చేసుకోమని కమాలన్నే ఇచ్చినాడు గదమా. దెయ్యముంటే రమ్మను. వాదించి పంపిస్తా."

"ఆ నోటికి తాళమెయ్యాల" అంటా లోపలికి పోయి పడుకుంది.

మా ఇంట్లో ఒక కట్టుబాటుంది. ఎవరైనా "యాడికి పోయినాడు?" అంటే "ఆడికే" అనాల. అడిగింది పోలీసైనా, సొంత మేనమామైనా సరే, ఊరి పేరు రాకూడదు. ఫ్యాక్షన్ ఇండ్లల్లో పిల్లలు ముందు నేర్చే మాటల్లో అదొకటి.

టైపు చేస్తాండా. స్విచ్చు పైకే ఉంది.

చిటచిట... టీవీ వెలిగింది. మానిటర్ ఆరలేదు.

లోపల వైర్లు కలిసినాయేమో అనుకున్నా. కానీ టీవీలో నా ఉపన్యాసం లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు, ఒక్కొక్కటే పడతాండాయి.

చెన్నడు యాడ?

వేళ్లు అలవాటుగా కొట్టినాయి.

ఆడికే.

నాక్కూడా చెప్పవా, లాయరమ్మా?

నన్నట్ల పిలిచి ఎగతాళి చేసేది కమాలన్న ఒక్కడే. కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. అన్న బదులు చచ్చినోడికి కూడా ఆడికేనా? ఏదో ప్రమాదం ఉండాది, చెప్పేకి వచ్చినాడు... అంతే అయ్యుంటుంది. కొట్టేసినా.

వేముల. అవ్వ గొర్రెల దొడ్డి.

అక్షరాలు ఆగినాయి. గదిలో బాంబు మందు కాలిన వాసన...

"ఎవరితో మాట్లాడతాండావే?" లోపల్నుంచి అమ్మ, గుసగుసగా.

"ఎవరూ లేరు మా."

టీవీలో ఒక్క మాట పడింది.

పోతాండాం.

పోతాండా కాదు. పోతాండాం.

నీతో ఎవరుండారన్నా? అని కొట్టినా. స్విచ్చు కిందికి కొట్టినా, పైకి కొట్టినా. ప్లగ్గులన్నీ పీకేసినా. మానిటర్ ఆరింది. టీవీ శానాసేపటికి గానీ ఆరలేదు.

వేములలో అవ్వకు ఫోన్ లేదు. బస్సుల్లేవు. తెల్లారి అమ్మా నేనూ పాలవ్యాను ఎక్కి పోయినాం.

దొడ్డి వాకిట్లో పెంచలమ్మవ్వ కూలబడి ఉంది.

"నిన్న మధ్యాన్నం 'కమాలు పిలుస్తాండాడవ్వా' అని లేచినాడు. సచ్చిపోయినోడు గదరా అంటే ఇనలేదు. నిద్రలో నడిచినట్ల నడిచిపోయినాడు. నాకెవరూ కనపళ్లేదే తల్లీ..."

దుమ్ములో గుట్ట దిక్కుకు అన్న చెప్పుల గుర్తులే ఉన్నాయి. ఇంకెవరివీ లేవు.

కానీ దొడ్డిలో గొర్రెలు రెండు పక్కలకూ ముళ్లకంపకు ఆనుకుని, ఒకదాని మీదొకటి నక్కి నిలబడినాయి. మధ్యలో అవి వదిలిన దారి ఒక మనిషికి సరిపోయేది కాదు. అయిదారుగురు పక్కపక్కన నడిచేంత వెడల్పు.

అవ్వ కట్టెతో అదిలించింది. ఆకు చూపించింది. ఒక్క గొర్రె కూడా ఆ దారిలో కాలు పెట్టలేదు...