బ్రాకెట్లో ఏం పెట్టమంటారు

"మీ పేరు పక్కన బ్రాకెట్లో ఏం పెట్టమంటారన్నా?"

ఫెబీ నాతో మాట్లాడిన మొదటి మాట ఇది. మార్కాపురంలో పెళ్లి కార్డులు వేసే ప్రెస్సులో, కంప్యూటర్ మీది నుంచి చూపు తిప్పకుండా అడిగింది.

మా చెల్లెలు రూబీ పెళ్లికి కార్డులు వేయించడానికి వెళ్లాను. రూబీ పేరు పక్కన బ్రాకెట్లో బీఎస్సీ నర్సింగ్ ఉంది. పెళ్లికొడుకు పక్కన బీటెక్. ఆహ్వానించేవాళ్ల వరసలో మా చిన్నాన్న కొడుకు రాజ్ కుమార్ పక్కన ఎంబీఏ. వాడికి ఉద్యోగం లేదు, బ్రాకెట్ ఉంది. వాడి కింద నేను, నతానియేలు.

"ఏం వద్దు" అన్నాను.

"అందరికీ ఉండి మీకు లేకపోతే లైను కుదరదన్నా. చదివింది ఏదో ఒకటి చెప్పండి."

"పది."

"పది ఏంది?"

"పదో తరగతి. పెట్టండి."

అప్పుడు తల తిప్పింది. పెద్ద కళ్లు. నవ్వు ఆపుకుంటోందో, జాలి పడుతోందో తెలియలేదు. నాకు రెండూ ఒకే చోట తగులుతాయి.

"ఉత్త పది అని పెడితే, మీది పదో నంబరు అనుకుంటారు జనం."

"అయితే చెల్లెల్ని చదివించినోడు అని పెట్టండి."

"అంత పొడుగు పట్టదు. మీ కోపం పెట్టేదా? రెండక్షరాలే. సరిగ్గా సరిపోతది."

నేను అడ్వాన్సు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. బేస్తవారిపేట దాకా బండి మీద ఆ అమ్మాయికి జవాబులు చెప్పుకుంటూనే ఉన్నాను. చాలా మంచి జవాబులు. అన్నీ ఆలస్యంగా వచ్చినవే.

నాకు బేస్తవారిపేటలో మోటార్ వైండింగ్ షాపు ఉంది. నా దగ్గర నలుగురు పనిచేస్తారు. గిద్దలూరు నుంచి, త్రిపురాంతకం నుంచి బోరు మోటార్లు ఆటోల్లో పెట్టుకుని వస్తారు. మా నాయనా అమ్మా కూలికి పోయి పది దాకా చదివించారు. పది అయ్యాక నేను కాలేజీకి పోకుండా కాలిన మోటారు ముందు కూర్చున్నాను. ఆ పనిలోనే ఇల్లు లేచింది, రూబీ నర్సు అయింది. అయినా కొత్తగా ఎవరు కలిసినా "ఏం చేస్తావు" అని అడగరు. "ఏం చదివినావు" అని అడుగుతారు. పది అనగానే వాళ్ల ముఖంలో ఒక చిన్న తలుపు మూసుకుంటుంది. ఆ చప్పుడు నాకొక్కడికే వినిపిస్తుంది.

నా కోపం కింద సిగ్గు ఉందేమో అని కూడా చాలాసార్లు తవ్వి చూసుకున్నాను. ఉంది. కానీ ఆ సిగ్గు నాది కాదు. ఎవరో నా పేరు మీద పెట్టిపోయింది.

కార్డులు వచ్చాయి. నా పేరు పక్కన ఏమీ లేదు. నా ఒక్కడి పేరు మాత్రం లైను మధ్యకు జరిపి, కొంచెం లావు అక్షరాల్లో వేసి ఉంది. ఖాళీ కనపడలేదు. కార్డు చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

*

మే నెలలో ఒక ఆటో వచ్చి షాపు ముందు ఆగింది. అందులోంచి ముందు ఒక మోటారు దిగింది, తర్వాత ఫెబీ దిగింది.

"మా వీధి బోరు మోటారన్నా. రెండు నెలల్లో రెండుసార్లు కాలింది. వీధంతా ట్యాంకరు కోసం బిందెలు పట్టుకొని నిలబడతన్నాం."

"ఇంత దూరం తెచ్చినారే. మార్కాపురంలో బ్రాకెట్లు ఉన్నోళ్లు దొరకలేదా?"

"దొరికినారు. వాళ్లు చేసినాకే రెండోసారి కాలింది."

నలుగురు పనివాళ్లూ ఒకేసారి తలలు దించుకున్నారు. నవ్వుకోవడానికి.

మోటారు విప్పాను. లోపల వైరు మీది తొడుగు ఒక అంచు దగ్గర గీసుకుపోయి ఉంది. తొందరలో గుంజి లాగిన చెయ్యి. అక్కడ నీళ్లు తగిలి కాలింది. ఆమెకు చూపించాను.

"ఇంతేనా? ఇంత చిన్న గీతకా?"

"పెద్దవేవీ పెద్దవాటి వల్ల కాలవు."

ఆ రోజు నలుగురి చేతుల్లోనూ వేరే పని ఉంది, ఒక మనిషి తక్కువ పడ్డాడు. బోరు మోటారుకు వైరు చుట్టడమంటే దూదిపరుపు కుట్టినట్టు. ఇనప గొట్టానికి ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు కూర్చుని, గాడిలోంచి వైరు పంపించాలి, అందుకోవాలి, మళ్లీ పంపించాలి.

"నేను పట్టుకుంటా" అని ఫెబీ చున్నీ నడుముకు చుట్టుకుని ఆ పక్క కూర్చుంది.

నేను పంపించాను. ఆమె అందుకుంది. కాసేపటికి గొట్టంలోంచి అవతలికి చూస్తే, ఆ చివర ఒక కన్ను ఉంది. నల్లగా, గుండ్రంగా, నా వైపే. నేను చుట్ల లెక్క తప్పాను.

"ముప్పై రెండు" అంది ఆ కన్ను.

"ముప్పై ఒకటి."

"ముప్పై రెండు. మీరు ఒకసారి నన్ను చూస్తా చుట్టినారు."

ఆమె చెప్పిందే నిజం. సాయంత్రం మోటారు ఆటోలోకి ఎక్కించేటప్పుడు "వస్తా" అంది. 'అన్నా' అనలేదు. మా వైపు బస్సు కండక్టరు దగ్గర నుంచి కలెక్టరు దాకా ఎవరినైనా ఏదో ఒక వరస పెట్టి పిలుస్తారు. ఉత్త "వస్తా" ఎవరూ అనరు. ఆ రాత్రంతా ఆ లేని మాటే వినిపించింది.

నీళ్లు వచ్చాయని చెప్పడానికి మళ్లీ వచ్చింది. తర్వాత మోటారు చప్పుడు మారిందని వచ్చింది. అది మారలేదు. జూలైలో, మా వైపు అరుదుగా పడే వాన ఒకటి షాపు రేకుల మీద దడదడా కొడుతుండగా వచ్చింది.

"ఇప్పుడేమైంది మోటారుకి?"

"ఏం కాలేదు. శుభ్రంగా ఉంది. మోటారు కాలితేనే రావాల్నా?"

వాన చప్పుడులో సగం వినపడనట్టు నటించాను. ఆమె ఇంకా గట్టిగా చెప్పింది. పనివాళ్లకు కూడా వినిపించింది.

*

ఫెబీ ఎంకామ్. ఆమె నాయన సత్యానందం గారు ఒక డిగ్రీ కాలేజీలో అటెండరుగా పనిచేసి రిటైరయ్యారు. మార్కాపురంలో వాళ్ల చర్చికి పెద్ద. మడత నలగని తెల్ల చొక్కా. మేము పెళ్లి చేసుకుంటామని ఫెబీ చెప్పాక షాపుకు వచ్చి, ప్రతి మోటారునూ చూసి, "పని బాగుంది" అన్నారు.

"దూరవిద్యలోనైనా కట్టకపోతివా నాయనా?"

"టైము లేదు మామా."

ఫెబీ రెండు నెలలు ఇంట్లో పోట్లాడింది. చివరికి ఆయన ఒప్పుకున్నారు. కార్డు మ్యాటరు స్వయంగా రాసి కూతురికి ఇచ్చారు. ఆమె టైపు చేసి, ఒక్క మాట కూడా రాయకుండా, ప్రూఫ్ నా ఫోనుకు పంపింది.

చి. నతానియేలు (బి.ఏ.)

బండి తీశాను. మార్కాపురం ఎలా చేరానో గుర్తు లేదు.

"ఎవరీ బి.ఏ.?" అన్నాను ప్రెస్సులో అందరి ముందు. "ఆయన్నే చేసుకో. నేను పోతా."

"నిదానంగా మాట్లాడు. నాయన రాసిచ్చినాడు."

"టైపు చేసింది నీ చెయ్యి గదా. ఆ వేళ్లకి నొప్పి పుట్టలేదా?"

"పుట్టింది. నువ్వు ఏమంటావో చూద్దామని పంపినా. సరే అంటావేమోనని భయపడతా కూచున్నా, తెలుసునా?"

"నాకు పరీక్ష పెట్టినావా?"

"పెట్టినా."

"పరీక్షలు రాసుంటే నాకీ గొడవే లేదు గదే."

ప్రెస్సు యజమాని పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. ఫెబీ కూడా నవ్వలేదు. కానీ నా కళ్ల ముందే ఆ రెండక్షరాలనూ చెరిపేసింది. నాయనతో తనే మాట్లాడతానంది. శనివారం ఫోను చేసి, "కార్డులో తీసేసినా. నాయన ఏమీ అనలేదు" అని చెప్పింది.

ఆయన ఏమీ అనకపోవడంలోనే ఏదో ఉందని నాకు తట్టి ఉండాల్సింది.

*

మా దాంట్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. వధూవరుల పేర్లు, ఊళ్లు, చదువులు. అడ్డు చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమంటారు. ఎవరూ చెప్పరు. దగ్గుతారు, అంతే.

మొదటి ఆదివారం ఫెబీ వాళ్ల చర్చికి నేనూ వెళ్లాను. మగవాళ్ల వైపు నాలుగో బెంచీ. ముందు బెంచీలో సత్యానందం గారి తెల్ల చొక్కా. ఆడవాళ్ల వైపు ఫెబీ, తల మీద చున్నీ.

పాస్టరు అయ్యగారు కాగితం విప్పారు. "బేస్తవారిపేట కాపురస్థుడైన నతానియేలు, బి.ఏ..."

కార్డు మారింది. ఈ కాగితం అంతకుముందే అయ్యగారి చేతికి వెళ్లింది. వెనక్కి తీసుకోవాలని ఫెబీకి తోచలేదు, వాళ్ల నాయనకు చేతులు రాలేదు.

"...వీరి వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను."

ఒకరు దగ్గారు. ఫ్యాను తిరుగుతోంది. రెండక్షరాలు, ఇంకో రెండు ఆదివారాలు మింగితే చాలు, అన్నీ అయిపోతాయి. కానీ ఆ ప్రకటనలో ఫెబీని చేసుకుంటున్నది నేను కాదు. నాకన్నా మర్యాదస్థుడు ఎవడో, నా పేరు వేసుకుని వచ్చి, నా పదహారేళ్ల పనిని వెనక గుమ్మంలోంచి బయటికి నెట్టి, నా చోట కూర్చున్నాడు. ఊరుకుంటే పెళ్లి ఉంటుంది. లేస్తే నేను ఉంటాను. రెండూ ఉండే దారి ఆ క్షణంలో నాకు కనపడలేదు.

లేచాను.

"అభ్యంతరం ఉందయ్యగారూ."

చర్చి మొత్తం ఒక్కసారి నా వైపు తిరిగింది. అయ్యగారు కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"నువ్వు పెళ్లికొడుకువి గదా నాయనా?"

"అవునయ్యగారూ."

"నీ పెళ్లికి నువ్వే అభ్యంతరమా?"

"పెళ్లికి కాదు. బి.ఏ.కి. నేను చదివింది పది. మోటార్లు చుట్టుకొని బతుకుతున్నా. మీరు చదివినాయన ఎవురో నాకు తెలవదు."

ఎక్కడో నవ్వు మొదలై ఆగిపోయింది. సత్యానందం గారు లేచి, ఎవరినీ చూడకుండా, పక్క తలుపులోంచి బయటికి నడిచారు. ఫెబీ నన్ను చూసింది. ఆ చూపులో ఏముందో చదివే చదువు కూడా నాకు లేదు. ఆయన వెనకే వెళ్లాను.

మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

"అందరి ముందర నా పరువు తీస్తివి గదా" అన్నారు.

"నా పేరు నేను చెప్పుకున్నా మామా. అబద్ధమెందుకు రాసినారు? నేను చేసే పనికి మీకంత సిగ్గా?"

"సిగ్గు గాదురా." మొదటిసారి 'రా' అన్నారు. "ముప్పై నాలుగేండ్లు ప్రిన్సిపాల్ రూము తలుపు తీసి పట్టుకున్నా. లోపలికి పోయేవాళ్లందరికీ పేరు పక్కన ఏదో ఒకటి ఉండేది. ఏమీ లేనోణ్ణి నేనొక్కణ్ణే. బయట నిలబడినా. నా కూతురి మొగుణ్ణి ఎవురూ బయట నిలబెట్టగూడదని రాసినా. రెండక్షరాలే గదా అనుకున్నా."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ప్రూఫులో ఆయన తన పేరు పక్కన ఏమీ రాసుకోలేదు. నాకు మాత్రం రాశారు. తనకు దక్కనిది నాకు పెట్టారు.

నా కోపం పోలేదు. ఆయన మీది నుంచి లేచి, ఆ తలుపు మీదికి వెళ్లింది.

"మామా, మీరు పట్టుకున్న తలుపు రిటైరయినాక మీరు వదిలేసినారు. బి.ఏ. అని వేసుకుంటే నేను జీవితమంతా దాన్ని పట్టుకోవాల. ఎవురు ఏం అడుగుతారోనని. నావల్ల కాదు. దీనికి మీరు పెళ్లి వద్దంటే, అది గూడా నిజం చెప్పి పోగొట్టుకున్నట్టు ఉంటది."

లోపల కీర్తన మొదలుపెట్టారు, ఎవరి రాగం వాళ్లది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, లేచి, పక్క తలుపు దగ్గరికి నడిచారు. అలవాటు కొద్దీ తలుపు తీసి పట్టుకున్నారు. తర్వాత తన చేతిని తనే చూసుకుని, వదిలేసి, నాకన్నా ముందు లోపలికి వెళ్లారు.

అయ్యగారి చేతిలోని కాగితం తీసుకుని, రెండక్షరాలు కొట్టేసి, తిరిగి ఇచ్చారు.

"తప్పు నాదయ్యగారూ. మళ్లీ చదవండి."

"ఏమని చదవమంటారు?" అన్నారు అయ్యగారు.

ఆడవాళ్ల వైపు నుంచి ముసలి హన్నమ్మ గొంతు వచ్చింది. "మా వీధి మోటారు బాగుచేసిన పిల్లోడని చదవండయ్యా. మాకు నీళ్లొచ్చింది బి.ఏ.తో గాదులే."

ఈసారి నవ్వు ఆగలేదు. సత్యానందం గారు కూడా నవ్వారు, నేల చూస్తూ. అయ్యగారు మళ్లీ చదివారు. అభ్యంతరం అడిగినప్పుడు అందరూ తిరిగి నా వైపే చూశారు. నేను గట్టిగా దగ్గాను.

*

పెళ్లి కార్డులు వచ్చాయి. ఎవరి పేరు పక్కనా ఏమీ లేదు. ఫెబీ తన ఎంకామ్ కూడా తీసేసింది. "లైను కుదరాల గదా" అంది.

"నువ్వు చదివినావు గదా, నీది ఉండనీ" అన్నాను.

"చదివింది నా తలలో ఉంది. ఎక్కడికీ పోదు."

పంచాల్సినవన్నీ కట్ట కట్టి ఇచ్చింది. తర్వాత సంచిలోంచి ఇంకొకటి తీసింది.

"ఇది ఒక్కటే వేసినా. ఎవరికీ చూపించమాక."

విప్పి చూశాను. అదే కార్డు, అవే అక్షరాలు. నా పేరు దగ్గర మాత్రం లైను సరిగ్గా కుదిరింది.

చి. నతానియేలు (కోపం)