పెద్దాయన తిరగేసిన జాకెట్

"ఆయన స్టేజీ ఎక్కాలి, మాట్లాడాలి, ప్రాణాలతో దిగాలి. అదే నీ మిషన్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ముంగిస తలూపాడు. డిపార్ట్‌మెంటుకు ఆయన చీఫ్. ముంగిసకు మాత్రం తండ్రి పోయాక చేరదీసి, చదివించి, పిస్తోలు పట్టడం నేర్పిన సొంత బాబాయ్.

కాపాడవలసింది బట్టల మిల్లుల పెద్దాయనను. కోట్లకు పడగెత్తిన మనిషి. "నోరు మూసుకుంటే మిల్లులు నీకే ఉంటాయి" అని సైనిక ప్రభుత్వం బేరం పెడితే, మిల్లులు వదులుకుని జైలుకెళ్ళాడు. అప్పటినుంచి జనానికి ప్రజాస్వామ్యమంటే ఆయన ముఖమే. విడుదలయ్యాక ఇదే తొలి సభ. ఎన్నికల్లో ఆయన గెలిస్తే తమ రేవు కాంట్రాక్టు గల్లంతవుతుందని ఓ విదేశీ ముఠా ఆయన్ను లేపేయడానికి కాచుకుని ఉంది.

"ఈ బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ ఆయన కోటు లోపల తొడిగించు. నేను తెర పక్కనే ఉంటా," అన్నాడు బాబాయ్.

మేకప్ రూమ్ గుమ్మంలో ఫోటోగ్రాఫర్ వేషంలో తేనెటీగ అడ్డం తగిలింది. ముఠాలో ఉంటూనే ముంగిస డిపార్ట్‌మెంటుకు దాని రహస్యాలు అమ్మే అందగత్తె.

"ఆ జాకెట్ వెయ్యనివ్వకు. మీ బాబాయ్ అమ్ముడుపోయాడు."

"ఈ మాట చెప్పేది నువ్వా? రెండు నాలుకల దానివి!"

"అందుకేగా నాకు రెండు వైపుల సంగతులూ తెలిసేది!"

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది అనుకుని, ముంగిస ఆమెను గార్డులకు అప్పగించి లోపలికి నడిచాడు.

పెద్దాయన జాకెట్ తొడుక్కోలేదు, తిరగేశాడు. మిల్లులు పెట్టకముందు ఆయన దర్జీ. లోపలి కుట్టు చూడందే ఏ బట్టా ఒంటిమీద వేసుకోడు.

"సార్, టైమైపోతోంది."

"ఆగవయ్యా. మిషన్ కుట్టు విప్పి మళ్ళీ చేత్తో కుట్టారు. ఎందుకంటావ్?"

ముంగిస పెన్నులో దాచిన బ్లేడుతో కుట్టు కోశాడు. లోపల పలచటి పేలుడు పదార్థం, రిసీవర్. పీకితే పేలేలా వైరింగ్. బాంబులు అతనికి కొత్త కాదు. కానీ ఇది బాబాయ్ చేతిమీదుగా వచ్చింది.

"మీరు వట్టి కోటుతోనే వెళ్ళండి సార్."

పెద్దాయన మైకు ముందు నిలబడగానే తెర పక్కన బాబాయ్ రిమోట్ బయటికి తీశాడు. బొటనవేలు బటన్ మీద ఆనింది.

"నొక్కు బాబాయ్. జాకెట్ నా ఒంటిమీదే ఉంది."

బాబాయ్ ముఖం పాలిపోయింది. "పిచ్చివెధవా! నీకేమైనా అయితే?" అన్నాడు. ముంగిస మనసు కరిగింది, ఒక్క క్షణం. బాబాయ్ తమ ఇద్దరి మధ్య దూరం కళ్ళతోనే కొలుచుకుని, బటన్ మీద వేలు తియ్యకుండానే అన్నాడు:

"కొంచెం అవతలికి జరుగు నాన్నా."

ముంగిస జరగలేదు. ఒక్క అంగలో మీదికెళ్ళి గట్టిగా కావలించుకున్నాడు. బాబాయ్ బొటనవేలు తనంతట తానే బటన్ మీంచి తప్పుకుంది.

స్టేజీ మీద పెద్దాయన మొదటి మాటకే చప్పట్లు మోగాయి. గార్డులు వచ్చేదాకా ముంగిస పట్టు వదల్లేదు. దూరం నుంచి చూసినవాళ్ళు, బాబాయ్ అంటే అబ్బాయికి ఎంత ప్రాణమో అని ముచ్చటపడ్డారు.