బొమ్మ పడితే అవును

సర్వే అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో అడుగుపెట్టిన క్షణం నుంచీ షాపు కుర్రాడి చూపు కుదురుగా లేదు. ఆమె ప్రశ్న వినగానే మాత్రం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"పోయినేడు మీరు పన్ను ఎగ్గొట్టారా?"

"ఏమండీ! మొహం మీదే అడిగేస్తారా?"

"అలా అడిగితే ఎవరూ నిజం చెప్పరనే ఈ పద్ధతి. చాటుగా నాణెం ఎగరేయండి. బొమ్మ పడితే కళ్ళు మూసుకుని 'అవును' అనేయండి. బొరుసు పడితే నిజం చెప్పండి. ఏం పడిందో నాకు చూపించొద్దు."

"మరి మీకేం తెలుస్తుంది?"

"మీ గుట్టు తెలీదు. కానీ వందలమందిని అడిగామనుకోండి, సగంమంది నాణెం వల్లే అవునన్నారని తీసేస్తాం. మిగిలిన అవునులే అసలువి!"

ఆమె కళ్ళలో ఆ మెరుపు చూసి కుర్రాడు సగం పడిపోయాడు. వెనక్కి తిరిగి నాణెం ఎగరేశాడు. బొమ్మ! అణాపైసలతో సహా పన్ను కట్టే మనిషి, "అవును" అన్నాడు. ఆమె రాసుకుని వెళ్ళిపోయింది.

అతని ప్రాణం ఉసూరుమంది. ఆమె దృష్టిలో తను దొంగ! బయట జోరువాన పడుతున్నా వెంటపడ్డాడు.

"మేడమ్! నాకసలు పడింది..."

ఆమె చప్పున చెవులు మూసుకుంది. "చెప్పకండి! నా సర్వే పాడైపోతుంది!"

"మీరు నన్ను దొంగనుకుంటే ఎలాగండీ?"

"దొంగైతే ఇలా తడుస్తూ పరిగెత్తుకొస్తాడా? అయినా నేనేమనుకుంటే మీకెందుకు?"

కుర్రాడు జేబులో చెయ్యి పెట్టాడు. నాణెం ఆమె చేతిలో పెట్టాడు. "ఈసారి మీరు ఎగరేయండి. నేను మీకు నచ్చానా?"

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. అయినా ఎగరేసి, గుప్పిట్లో పట్టుకుంది. బొమ్మ పడితే ఎలాగూ అవుననాలి కాబట్టి, 'లేదు' అందంటే అది ముమ్మాటికీ నిజమే.

"అవును."

ఎగిరి గంతేయబోయి ఆగాడు. "మీ మాటా? నాణెం మాటా?"

"ఒక్క జవాబుతో తేలదండీ. వందలమందిని అడగాలి."

"వాళ్ళతో నాకేం పని? మిమ్మల్నే వందసార్లు అడుగుతా! నచ్చానా?"

నాణెం ఎగిరింది. "అవును."

"నచ్చానా?"

"అవును!"

"అయ్యో, ఇంకా తేలలేదే! నచ్చానా?"

ఆమె ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏం మనిషండీ మీరు! ఇన్నిసార్లు ఎగరేశాను, ఒక్కసారైనా గుప్పిట విప్పి చూసుకున్నానా?"

షాపు గుమ్మంలోంచి ఇదంతా వింటున్న కుర్రాడి నాన్న కేకేశాడు.

"లెక్క తేలిందిగా! అమ్మాయిని లోపలికి తీసుకురారా, తడిసి ముద్దయింది!"