జూగో గాలిలో రెండు సంతకాలు

దేషా మా వాతావరణ ఆఫీసులో చేరిన మొదటి రోజే నా రిపోర్టులో పదకొండు మాటలు కొట్టేసింది.

"భీకరమైన అలలు అని రాశారేమిటండీ?"

"భీకరంగానే ఉన్నాయి కదండీ!"

"ఎన్ని మీటర్లు?"

"నాలుగు."

"అయితే నాలుగు అని రాయండి. భీకరమో కాదో చదివేవాళ్లు చూసుకుంటారు."

నాకు ఒళ్లు మండింది. ఆరేళ్లుగా ఆ రిపోర్టు రాసేది నేను. ప్రపంచంలో ఎక్కడ భూమి కంపించిందో, ఏ నది గట్టు తెంచుకుందో మొదటి పేజీలో. రాబోయే రెండు రోజుల్లో మా దుబ్రోవ్నిక్ తీరానికి ఏం ముంచుకొస్తోందో రెండో పేజీలో. రోజూ పొద్దున ఎనిమిదింటికల్లా అది వెళ్లాలి. దాన్ని చూసే రేవులో పడవలు వదులుతారు, బడులు తెరుస్తారు. ఓర్సత్ రాస్తే కథలా చదివిస్తాడని ఊళ్లో నాకు పేరు. అలాంటి నా మీద, సముద్రం ముఖం ఎరగని ఒసియెక్ మైదానాల నుంచి వచ్చిన పిల్ల పెన్ను ఎత్తింది!

వారం రోజులు పోట్లాడాక కారణం చెప్పింది. "మా బామ్మ ఊళ్లో వరదకి ముందు రోజు, నీరు స్వల్పంగా పెరుగుతుందని రాశారు. ఆ స్వల్పం వచ్చి బామ్మ మంచం ఎక్కింది. దూలం పట్టుకుని రాత్రంతా నిలబడిందామె."

ఆ తర్వాత నేను రిపోర్టులో అంకెలే రాశాను. మంచి మంచి మాటలన్నీ దేషా కోసం దాచుకున్నాను.

ఎనిమిది నెలలు దాచి, మొన్న మంగళవారం కాఫీ దగ్గర బయటపెట్టేశాను.

"దేషా, నువ్వంటే నాకు ప్రాణం. పెళ్లి చేసుకుందామా?"

ఆమె చేతిలో కప్పు ఆగిపోయింది. పక్క బల్ల నుంచి మా ఆఫీసు పెద్దాయన లుక్షా నెత్తి కొట్టుకున్నాడు.

"ఒరేయ్, జూగో వీస్తుంటే అడుగుతావట్రా? మీ అమ్మ నీకేం నేర్పలేదా?"

నిజమే, తప్పు నాదే. ఆగ్నేయం నుంచి జూగో మొదలైతే మా ఊళ్లో ఎవరూ ముఖ్యమైన పని తలపెట్టరు. ఇల్లు కొనరు, సంబంధం మాట్లాడరు. ఆ గాలికి తల బరువెక్కుతుంది, మాట తూలుతుంది. పూర్వం పెద్దల సభ కూడా ఆ రోజుల్లో చట్టాలు చేసేది కాదట. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వింటున్న మాటే. తీరా ఆమె కళ్లు చూసేసరికి గాలి ఎటు వీస్తోందో మర్చిపోయాను.

సంగతంతా లుక్షా నోట విన్నాక దేషా పెదవి బిగించి నవ్వాపుకుంది.

"అయితే ఈ గాలి ఆగాక చెప్తాను."

"ఎప్పుడాగుతుంది?"

"అడిగేది నన్నా, నా కంప్యూటర్నా?"

గాలి ఆగలేదు. రోజురోజుకీ బలిసింది.

శుక్రవారం ఏడున్నరకి దేషా నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ముఖంలో నవ్వు లేదు.

"ఓర్సత్, రేపటికి రెడ్ హెచ్చరిక పెట్టాలి. ఈ సాయంత్రం ఆరు నుంచే."

రెడ్ అంటే పడవలు బంద్. రేపు పదకొండింటికి షిపాన్ దీవిలో మా చెల్లెలు ఆనిత్సా పెళ్లి. పెళ్లికొడుకు బాల్దోది ఆ దీవే. మేమూ, నూట ఇరవై మంది చుట్టాలూ పొద్దున పడవలో వెళ్లాలి.

"ఆరెంజ్ చాలదా?" అన్నాను.

"అల ఐదు మీటర్లు దాటుతుంది. పౌర్ణమి పోటు కూడా రేపే. దీవిలో మీరు దిగే సుజురాజ్ రేవు ఎటు తిరిగి ఉందో నీకే బాగా తెలుసు."

తెలుసు. సరిగ్గా ఆగ్నేయానికే నోరు తెరుచుకుని ఉంటుంది.

రిపోర్టుకి రెండు సంతకాలు కావాలి. ఒకటి దేషాది, రెండోది లుక్షాది. ఆయన కాగితం చూసి కళ్లజోడు తీసేశాడు.

"జూగోలో నేను ఇంత పెద్ద సంతకం చెయ్యనమ్మా. ఆరెంజ్ అని పంపండి, రేపు పొద్దున చూద్దాం."

"రేపు పొద్దున ఆరెంజ్ చూసి పడవ ఎక్కేస్తారండీ!"

"అయితే నా బదులు వీణ్ణి పెట్టమను. ఆ హక్కు వీడికుంది." అని ఆయన కిటికీ వైపు తిరిగాడు.

దేషా గొంతు తగ్గించింది. "నీ చెల్లెలి పెళ్లి. నువ్వు తప్పుకో, ఇంకెవర్నైనా పిలుద్దాం. నా కోసం మాత్రం సంతకం పెట్టకు. అలా పెడితే జన్మలో నీ ముఖం చూడను."

నేను అంకెలు మొదటి నుంచీ చూశాను. గాలి పీడనం, అలల్ని కొలిచే బోయా, పోటు లెక్క, మళ్లీ పీడనం. ఎక్కడైనా ఒక్క తప్పు దొరుకుతుందేమోనని ఆశ. దొరకలేదు. ఆ పడవలో మా అమ్మ కూర్చుని ఉన్నట్టు కనిపించింది. ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా సంతకం పెట్టి పంపేశాను.

వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాను.

"శుభం పలకరా మంకెన్నా అన్నట్టుంది నీ పని!" అని అరిచింది. "సొంత చెల్లెలి పెళ్లికి రెడ్ కొడతావా? ఆ మైదానం పిల్ల చెప్పిందనేనా?"

"ఆమె చెప్పింది, నేను చూశాను. తిట్లు తర్వాత తిడుదువుగాని. ఎనిమిదే అయింది. రెండింటి పడవకి బాల్దోని ఇటు రమ్మను. పెళ్లి ఇక్కడ గ్రూజ్ చర్చిలో చేద్దాం."

"వండిన వంటేం చెయ్యను?"

"వాణ్ణి ముందు రానీ, వంట సంగతి దేవుడెరుగు!"

ఠక్కున పెట్టేసింది. మళ్లీ నేను చేసినా ఎత్తలేదు.

రెండింటి పడవే ఆఖరిది. బాల్దో వచ్చాడు. వాళ్లమ్మ ఎండబెట్టిన పంది తొడని పసిబిడ్డలా చంకనెత్తుకుని దిగింది. నన్ను చూసి ఎవరూ పలకరించలేదు. సాయంత్రం ఆరయింది, ఏడయింది. సముద్రం కదిలిందే గానీ పెద్దగా ఎగరలేదు. లుక్షా ఫోన్ చేసి, "ఏరా, ఏదీ నీ ఐదు మీటర్లు?" అన్నాడు. నాకు అన్నం సహించలేదు.

శనివారం తెల్లారగట్ల సముద్రం లేచింది. తొమ్మిదింటికి బోయా ఐదున్నర చూపించింది. పది నలభైకి, మా పడవ ఆనవలసిన సమయానికి, సుజురాజ్ రేవు చివరి రాళ్లు పదిహేను మీటర్ల మేర సముద్రంలోకి పోయాయని ఫోనొచ్చింది. ఒడ్డున ఒక్క మనిషి లేడు.

చర్చి గుమ్మంలో ఆ మాట విని ఆనిత్సా తెల్లబోయింది. పెళ్లి బట్టల్లోనే వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని, వర్షంలో తడుస్తూ గేటు దగ్గరే నిలబడిపోయిన దేషా దగ్గరికి వెళ్లింది.

"లోపలికి రా వదినా. అక్కడ నిలబడితే జలుబు చేస్తుంది."

దేషా ఉలిక్కిపడి నా వైపు చూసింది. "ఏం చెప్పావు వీళ్లకి?"

"ఒట్టు, ఏమీ చెప్పలేదు!"

"లుక్షా తాతే ఊరంతా చెప్పాడు" అంది మా చెల్లెలు.

పెళ్లయ్యాక మెట్ల మీద నేనూ దేషా మిగిలాం. గాలి గొడుగుల్ని వెనక్కి మలుస్తోంది.

"గాలి ఆగాకే చెప్పు, తొందరేం లేదు" అన్నాను.

"ఆగేదాకా నేనాగలేను ఓర్సత్. నిన్న ఒక్క తప్పు దొరికితే బాగుండని అంకెలన్నీ తిరగేశావు. అయినా అబద్ధం రాయలేదు. వరదకి ముందు రోజు బామ్మ ఊరి రిపోర్టు రాసే కుర్చీలో నీలాంటివాడుంటే బాగుండేదనిపించింది. నిన్ను చేసుకుంటాను. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

ఆమె చేయి పట్టుకున్నాను, చల్లగా ఉంది. ఎంత సంతోషం వేసిందంటే నా గొడుగు గాలికి వదిలేశాను.

ఆమె అక్కడే నిలబడి ఒసియెక్‌కి ఫోన్ కలిపింది. రెండు మాటలయ్యాక ఫోన్ నా చెవికి ఆనించింది.

"బాబూ," అంది వాళ్లమ్మ, "మా పిల్లది మొండి ఘటం. చూసుకున్నావా మరి?"

"చూసే అడిగానండీ."

"అయితే మా ఇంటికి ఎప్పుడొస్తున్నారు?"

"రేపటి రిపోర్టు పంపి బయల్దేరతామండీ," అన్నాను. "ఇద్దరం."