దాటేసిన నాలుగు వరసలు

1975 ఆగస్టులో ఒక మంగళవారం. పొద్దున ఏడు దాటింది. విజయవాడ వన్ టౌన్‌లోని తన అద్దె వాటాలో ఇశ్రాయేలు గడ్డం గీసుకుంటున్నాడు. ఆయన రైల్వే లోకోషెడ్డులో ఖలాసీ. ఎనిమిదింటికి డ్యూటీ. హెడ్ కానిస్టేబుల్ పుల్లయ్య గుమ్మం ముందు సైకిల్ ఆపాడు. దిగలేదు.

“మీ కృపానందం ఉన్నాడా? ఎస్సైగారు ఏదో మాట్లాడాలంట. తొందరేం లేదులే, సాయంత్రంలోగా పంపించు.”

“సాయంత్రం దాకా ఎందుకు సార్? ఇప్పుడే తీసుకొస్తా.”

ఒక చెంప గీయకుండానే లేచాడు. కొడుకు చొక్కా తొడుక్కుంటుంటే భార్య సంపూర్ణమ్మ వంటింట్లోంచి వచ్చింది.

“రెండు ఇడ్లీలు తిని వెళ్ళనివ్వవయ్యా. ఆయన సాయంత్రం అన్నాడుగా.”

“వచ్చి తింటాడు. పిలిపించుకున్నాం అనిపించుకోకూడదు.”

స్టేషన్లో ఇశ్రాయేలు రైటరు బల్ల దగ్గర నిలబడి ఒక్క మాట అడిగాడు. “తనంతట తనే వచ్చాడని రాయండి సార్. టైము కూడా వెయ్యండి. ఏడూ నలభై.” రైటరు తలూపాడు.

కృపానందం తిరిగి రాలేదు. స్టేషన్లో కొట్టి, మీసా కింద పెట్టారని మూడో రోజున తెలిసింది. మీసా అంటే బెయిలు లేదు, కోర్టు లేదు. నాలుగు గంటల రైలు దూరంలో ఉన్న జైలుకు పంపారు.

కృపానందం బడిపంతులు. సాయంత్రాలు కాలవ గట్టు మీది ఎరుకుల గుడిసెల్లో పిల్లలకు చదువు చెప్పేవాడు. ఆ పిల్లల ఇంటి మాట తెలుగు కాదు. వాళ్ళు కుర్రు అని పిలుచుకునే భాష. పంతులు చెప్పేది అర్థంకాక బళ్ళో చేరిన రెండు నెలలకే మానేసేవారు. కృపానందం ఆ భాషను తెలుగు అక్షరాల్లో రాసి, నలభై పేజీల వాచకం సైక్లోస్టైల్ చేయించాడు. మొదటి రెండేళ్ళు మా పిల్లలకు మా మాటలోనే చదువు చెప్పండని ఉయ్యూరులో అరవై మందితో మీటింగు పెట్టి, ప్రభుత్వానికి అర్జీ రాయించాడు. అప్పటికి ఎమర్జెన్సీ వచ్చి నెల. మీటింగులు నిషేధం.

ఆ భాష ఇశ్రాయేలుది కూడా. ఆయన పుట్టింది తెల్లదొరల కాలంలో ఎరుకుల వాళ్ళ కోసం పెట్టిన సెటిల్మెంటులో. పుట్టుకతోనే దొంగలని చట్టం రాసి, కంచె వేసి ఉంచిన చోటు అది. రోజుకు రెండుసార్లు గంట కొట్టి హాజరు పిలిచేవారు. ఆలస్యంగా వచ్చినవాడికి బెత్తం దెబ్బలు. “గంట కొట్టకముందే వెళ్ళి నిలబడు, నీ జోలికి ఎవరూ రారు” అని తండ్రి నేర్పాడు. ఇశ్రాయేలు ఒక్క దెబ్బ కూడా తినకుండా అక్కడ ఇరవై ఏళ్ళు గడిపాడు. తర్వాత రైల్వేలో ఉద్యోగం వచ్చి, వన్ టౌన్‌కు మారిన రోజున భార్యకు ఒకటే చెప్పాడు. ఈ గుమ్మం లోపల మన మాట వినపడకూడదు.

సంపూర్ణమ్మ ఇరవై ఆరేళ్ళు ఆ మాట నిలబెట్టింది. కృపానందం కుర్రు నేర్చుకున్నది తల్లి దగ్గర కాదు, కాలవ గట్టు మీది ముసలమ్మల దగ్గర. వాచకం కోసం తండ్రిని మాటలు అడిగితే, “నాకు రావు, ఎప్పుడో మర్చిపోయాను” అన్నాడు.

కొడుకును జైలుకు పంపారని తెలిసిన రోజు నుంచి సంపూర్ణమ్మ భర్తతో తెలుగు మాట్లాడడం మానేసింది. అన్నం పెడుతూ కుర్రులోనే అడిగేది. నూనె అయిపోయిందని కుర్రులోనే చెప్పేది, అదీ గట్టిగా. ఆయన తెలుగులో జవాబిస్తూ కిటికీ మూసేవాడు. కొడుకును యూనియన్ గొడవల్లో పట్టుకెళ్ళారని వీధిలో చెప్పుకున్నాడు.

ఇంటి యజమానురాలు భద్రమ్మ ఒకరోజు గోడ మీదుగా అడిగింది. “ఇశ్రాయేలుగారూ, మీ ఆవిడ మాట్లాడేది అరవమాండీ?”

“అవునండీ. వాళ్ళ అమ్మమ్మగారిది నెల్లూరు అవతల.”

లోపలికి వచ్చేసరికి సంపూర్ణమ్మ ఆయన వైపు చూస్తూ నిలబడి ఉంది.

నవంబరులో పుల్లయ్య ఒక కాగితం తెచ్చాడు. “మీవాడి చేత దీని మీద సంతకం పెట్టించు. పై వారం ఇంట్లో ఉంటాడు. నీ మొహం చూసి ఇప్పించానయ్యా. దొంగల భాషకి వాచకం ఏంటసలు? రేపు జేబులు కొట్టేవాళ్ళకి కూడా గైడు రాస్తాడేమో!” నవ్వాడు. ఇశ్రాయేలు కూడా నవ్వాడు.

పుల్లయ్య వెళ్ళాక సంపూర్ణమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమెకు చదువు రాదు. చదవమన్నట్టు కాగితం చూపించింది. ఇశ్రాయేలు వేలు పెట్టి చదివాడు. ఇకమీదట మీటింగులు పెట్టను, సాయంత్రం బడి నడపను, వాచకం ప్రతులన్నీ అప్పగిస్తాను, ప్రభుత్వానికి విధేయుడిగా ఉంటాను.

“అంతే” అన్నాడు.

సంపూర్ణమ్మ బుట్టలు అల్లేవాళ్ళ ఇంట పుట్టింది. ఒక వరస తప్పితే అల్లికంతా విప్పించే తల్లి చేతి కింద పెరిగింది.

“పదకొండు వరసలున్నాయి” అంది కుర్రులో. “నీ వేలు ఏడింటి మీదే నడిచింది. మధ్యలో నాలుగు దాటేసింది.”

“అవి మామూలువేలే.”

“అయితే చదువు.”

ఆయన కాగితం మడవబోయాడు. ఆమె లేవలేదు. చివరికి గొంతు తగ్గించి చదివాడు. “నేను పరారీలో ఉండగా రైల్వేస్టేషన్ వద్ద పోలీసులకు పట్టుబడినాను. నేరస్థులు వాడే రహస్య భాషను పసిపిల్లలకు నేర్పి వారిని చెడుదారి పట్టించినాను.”

సంపూర్ణమ్మ లేచి నిలబడింది. ఈసారి తెలుగులోనే అరిచింది.

“పరారీయా? ఇడ్లీ తిననివ్వకుండా చెయ్యి పట్టుకుని నువ్వు తీసుకెళ్ళిన పిల్లోడు పరారీలో ఉన్నాడా? టైము వెయ్యమన్నావే, వేశారా? ఏడూ నలభై అని ఎక్కడ రాశారో చూపించు!”

“మెల్లగా. భద్రమ్మగారు వింటారు.”

“విననీ! మా అమ్మ నాకు జోల పాడింది రహస్య భాషలోనా? నా పిల్లోడు నా కడుపులో ఉండగా నోరు మూసుకుని మోశానయ్యా, పుట్టాక కూడా మూసుకున్నాను. నీ మాట విని నా బిడ్డకు ఒక్క జోల పాడలేదు. ఇంతా చేసి ఏం మిగిలింది? గంట కొట్టకముందే వెళ్ళి నిలబడ్డావు. నీకు దెబ్బలు పడలేదు. వాడికి పడ్డాయి!”

“వాడు ఇంటికి రావాలా వద్దా?” ఇశ్రాయేలు కూడా అరిచాడు. “నాకు కొడుకు కావాలి. భాష ఏం చేసుకోను? జైల్లో వాడు చస్తే ఆ వాచకం నీకు తలకొరివి పెడుతుందా?”

ఆమె మళ్ళీ కుర్రులో నిదానంగా చెప్పింది. “తీసుకెళ్ళింది నువ్వు. వెళ్ళేది కూడా నువ్వే. పెట్టించుకొస్తావో, పెట్టించకుండా వస్తావో నీ ఇష్టం. ఆ నాలుగు వరసలు మాత్రం వాడికి దాటెయ్యకు.”

శనివారం ఇశ్రాయేలు రైల్వే పాసు మీద జైలుకు వెళ్ళాడు. మాట్లాడే గదిలో మధ్యన ఇనుప జాలీ. అవతల కృపానందం. మూడు నెలల్లో బాగా చిక్కాడు. ఎడమ చేతి రెండు వేళ్ళు ముడుచుకోవడం లేదు. పక్కన బల్ల దగ్గర ఒక అధికారి కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు.

“పది నిమిషాలు. తెలుగులోగాని ఇంగ్లీషులోగాని మాట్లాడాలి. ఇంకో భాషైతే ఆపేస్తా” అన్నాడు.

“అమ్మ ఎలా ఉంది నాన్నా?”

“బాగుంది. ఆ వేళ్ళకేమైంది?”

కృపానందం అధికారి వైపు చూసి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. “తలుపు సందులో పడ్డాయి.”

ఇశ్రాయేలు జేబులోంచి కాగితం తీశాడు. మడత విప్పాడు. మొదటి వరస మీద వేలు పెట్టాడు. నోరు తెరిస్తే కుర్రు వచ్చింది. మొదట తడబడింది, రెండో వరసకు సర్దుకుంది. ఒక్కొక్క వరసా కుర్రులో చెప్పుకుంటూ పోయాడు. కృపానందం రెండు చేతులతో ఇనుప జాలీ పట్టుకున్నాడు.

“ఏయ్! తెలుగు!” అన్నాడు అధికారి.

“మీ కాగితమేనండీ. వాడికి అర్థమయ్యేట్టు చెబుతున్నాను.”

పరారీ అన్న వరస దగ్గర ఇశ్రాయేలు ఆగాడు. కాగితంలో లేని మాటలు చెప్పాడు. “ఇది అబద్ధం. నువ్వు పారిపోలేదు. నేను తీసుకొచ్చాను, ఈ చేత్తో. ముందే వెళితే కొట్టరనుకున్నాను. సంతకం పెట్టమని నేను అడగను.”

“నాన్నా,” కృపానందం కూడా కుర్రులోనే అన్నాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. “రాదన్నావుగా. ముసలమ్మల కంటే బాగా మాట్లాడుతున్నావు. నేను పెట్టను. నువ్వు పెట్టమన్నా పెట్టేవాణ్ణి కాదు.”

“ఆపండి!” అధికారి లేచాడు. వార్డరు కృపానందం భుజం పట్టుకుని లాగాడు. పది నిమిషాల్లో నాలుగే అయ్యాయి. ఇశ్రాయేలు కాగితాన్ని మడిచి అధికారి బల్ల మీద పెట్టాడు. సంతకం చోటు ఖాళీగా ఉంది.

సోమవారం పొద్దున ఇశ్రాయేలు వాకిట్లో స్టూలు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. సంపూర్ణమ్మ అద్దం పట్టుకుంది. పుల్లయ్య సైకిల్ వచ్చి ఆగింది.

“ఏం ఇశ్రాయేలూ, జైల్లో డ్రామా ఆడావంట. ఎస్సైగారు రమ్మంటున్నారు.”

ఇశ్రాయేలు కత్తి ఆపలేదు. “ఎందుకో రాసి, టైము వేసి, కాగితం తెండి సార్. అప్పుడొస్తాను.”

“ఉద్యోగం ఉండాలా వద్దా?”

“అది కూడా అందులోనే రాయండి.”

“కొడుకు జైల్లో ఉన్నా పొగరు తగ్గలేదు” అని పుల్లయ్య సైకిల్ తిప్పుకుని వెళ్ళిపోయాడు. గోడ అవతల భద్రమ్మ అంతా విన్నది.

“ఏంటండీ ఇదంతా? యూనియన్ గొడవ అన్నారుగా?”

“కాదండీ. మేం ఎరుకుల వాళ్ళం. మా ఆవిడ మాట్లాడేది అరవం కాదు, మా భాష. అది పిల్లలకు నేర్పాడని మావాణ్ణి జైల్లో పెట్టారు. స్టేషనుకు తీసుకెళ్ళింది నేనే. ఇల్లు ఖాళీ చెయ్యమంటే చెప్పండి.”

భద్రమ్మ లోపలికి వెళ్ళింది. ఏం చెబుతుందో ఆ పూటకు తెలియదు.

సంపూర్ణమ్మ అద్దం దించింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ సరిగ్గా పట్టుకుంది.

“ఈ చెంప మిగిలిపోయింది” అంది కుర్రులో.

“గీస్తాలే. తొందరేముంది?” అన్నాడు ఇశ్రాయేలు, వీధికి వినపడేట్టు, అదే భాషలో.